ప్రూఫులు దిద్దే టీచరమ్మ

ఆమె చనిపోయిన సంగతి ప్రెస్సు ఓనరు ఫోన్ చేసి చెప్పాడు. బైండింగు ఆలస్యమైందని చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"టీచరమ్మ పోయిందప్పా. నల్లమాడలో, చెల్లెలింట్లో. మొన్ననే సమాధి చేసినారంట. ఆదివారం చర్చిలో ఆదరణ కూడిక పెట్టుకున్నారు, దానికి కార్డు కొట్టియ్యమన్నారు. ఆమె గురించి నాలుగు లైన్లు రాసియ్యి. నాకు రాయనీకి చాతకాదు."

కళ్యాణదుర్గంలో నేను పనిచేసే కాలేజీ స్టాఫ్‌రూములో కూర్చుని మొదలుపెట్టాను. ఎక్కడ చదివిందో, ఏ స్కూల్లో ఎన్నేళ్ళు పాఠాలు చెప్పిందో, అసలు వయసెంతో, ఏదీ నాకు సరిగా తెలియదు. పేరు కూడా ఓనరు ఫోన్లో చెబితేనే తెలిసింది. అరగంట తర్వాత చూసుకుంటే "ప్రూఫులు శ్రద్ధగా దిద్దేవారు" అన్న ఒక్క వాక్యం ఉంది. దాని చుట్టూ కార్డుల్లో ఉండే మామూలు మాటలు చేర్చి పంపించేశాను. కార్డులో పట్టనివి ఇక్కడ రాస్తున్నాను.

ఆ ప్రెస్సు అనంతపురం పాతూరులో, ఇనుప సామాన్ల అంగళ్ళ వెనక సందులో ఉండేది. అక్కడ మూడు రకాల పనులు జరిగేవి. అందరికీ తెలిసి జరిగేది పెళ్ళికార్డులూ కరపత్రాలూ. కొందరికే తెలిసింది ఒక వేదాంత మాసపత్రిక. దాన్ని రిటైరైన తెలుగు పండితుడు ఒకాయన నడిపేవాడు. ఆయన్ను అందరూ పెద్దసారు అనేవాళ్ళు. మూడోది బస్టాండుల్లో వారపత్రికల కింద దాచి అమ్మే చిన్నసైజు పుస్తకాలు. సెల్‌ఫోన్లలో బొమ్మలు ఇంకా రాని రోజులు కాబట్టి వాటికి గిరాకీ బాగానే ఉండేది. ఆ మూడో రకం పుస్తకాలు రాసిన వాళ్ళలో నేనొకణ్ణి.

ఎం.ఏ. తెలుగు చదివి ఉద్యోగం దొరక్క తిరుగుతున్న కాలం. రాసేది మగవాడైనా పైన ఆడపేరు వేయడం ఆ వ్యాపారంలో ఆనవాయితీ. నాకూ ఒక ఆడపేరు ఇచ్చాడు ఓనరు. మొదటి పుస్తకం కంపోజింగు అయిపోయిన రోజు, "ప్రూఫులు టీచరమ్మ చూస్తాది, పోయి కలువు" అన్నాడు. వేళాకోళమనుకున్నాను.

బీరువాల వెనక, కిటికీ పక్కన ఒక చెక్క బల్ల. దాని ముందు యాభై ఏళ్ళకు దగ్గరగా ఉన్న మనిషి. వెలిసిన నూలు చీర, బొట్టు లేని నుదురు, దారంతో మెడకు కట్టుకున్న కళ్ళద్దాలు. బల్ల మీద ఎడమ పక్కన వేదాంత పత్రిక ప్రూఫుల కట్ట, కుడి పక్కన నా పుస్తకం. వాక్యం కింద అడుగు స్కేలు ఆనించి, చూపుడు వేలు ఒక్కో అక్షరం మీదుగా జరుపుతూ, నోట్లో చదువుకుంటోంది.

"ఆమె, కామా, సిగ్గుతో, తల వంచుకొని, చుక్క, చుక్క, చుక్క..."

రేషను కార్డుల జాబితా చదివే గొంతు. నేను రాత్రంతా మేలుకొని రాసిన వాక్యాలు ఆ గొంతులో వింటూ నిలబడటం కంటే సందులోకి పారిపోవడం మేలనిపించింది. ఆమె తలెత్తి చూసింది.

"నువ్వేనా రాసింది?"

"అవునండీ."

"సిగ్గు అనే మాట ఈ పేజీలో తొమ్మిదిసార్లు ఉండాది. ఒకటి పెట్టి మిగతావి తీసేస్తా. ఏమంటావు?"

తలూపాను. ఆమె ఎనిమిది సిగ్గుల్ని ఎర్ర పెన్నుతో కొట్టేసింది. మా పరిచయం అది.

ఏదో ప్రైవేటు స్కూలు మూతపడితే ఈ పనికి వచ్చిందని, రాప్తాడులో ఒక గదిలో ఒంటరిగా ఉంటుందని మిషను దగ్గర పనిచేసే వాళ్ళు చెప్పారు. రోజూ తొమ్మిదికల్లా ఆటో దిగేది. అందరూ ఉగ్గాని, బజ్జీలు తెప్పించుకుంటే ఆమె మాత్రం చీర కొంగులో తెచ్చుకున్న వేయించిన చెనిక్కాయలు తినేది. పొట్టు ఒక్కటి కూడా కాగితం మీద పడనిచ్చేది కాదు. ఆషాఢం గాలి మొదలైతే సందులోని దుమ్మంతా లోపలికి కొట్టేది. ఆమె కిటికీ మూసేది కాదు. ప్రతి పేజీని ఒకసారి విదిలించి, మళ్ళీ వేలు పెట్టేది.

ఏ పుస్తకమైనా రెండుసార్లు చూసేది. మొదటిసారి చివరి పేజీ నుంచి వెనక్కి. ఎందుకట్లా అని అడిగాను.

"ముందునుంచి పోతే కథ లాక్కుంటాదప్పా. అర్థం అడ్డమొస్తే అచ్చుతప్పు కనపడదు. ముందు అక్షరాలు చూడల్ల, తర్వాత అర్థం."

రెండోసారి మొదటి నుంచి చదివేది. ఆ రెండో చదువులోనే చిక్కంతా వచ్చేది. కంపోజింగులో ఏదైనా జారిపోయిందేమోనని అనుమానం వస్తే ప్రూఫు చూసేవాళ్ళు మార్జిన్లో "విడిచిపోయిందా?" అని రాస్తారు. ఆమె ఆ ప్రశ్నను ఇంకోరకంగా కూడా వాడేది. నా మూడో పుస్తకంలో నాయకుడు నాయికను దగ్గరకు తీసుకునే పేరా ఒకటి ఉంది. పేజీ పొడుగునా ఆయన చేతులు ఎక్కడెక్కడ ఉన్నాయో రాశాను. మార్జిన్లో ఎర్రగా ఉంది: "ఆమె చేతులు? విడిచిపోయిందా?"

చేతిరాత ప్రతి తీసి చూసుకున్నాను. ఏదీ విడిచిపోలేదు. నేనే రాయలేదు.

ఆమెకు ఈ పుస్తకాలంటే అసహ్యమేమైనా ఉందేమోనని చాలాకాలం కనిపెట్టి చూశాను. ఉన్నట్టు కనిపించలేదు. ఇష్టం ఉన్నట్టు కూడా కనిపించలేదు. వేదాంత పత్రిక చదివేటప్పుడు భక్తీ లేదు. పొద్దున పదకొండు దాకా మోక్షం గురించి చదివి, కళ్ళద్దాలు తుడుచుకొని, నా పుస్తకం ముందుకు లాక్కునేది. రెండింటికీ ఒకే పెన్ను.

రెండింటిలోనూ కనిపించిన కొన్ని మాటల మీద మాత్రం ఆమెకు పట్టరాని విసుగు. "వర్ణనాతీతం" అన్నది ఒకటి. "మాటలకందని అనుభూతి" అన్నది ఇంకొకటి. పెద్దసారు ఆత్మానందం గురించి రాస్తూ వ్యాసం చివర ఆ మాట వాడేవాడు. నేను అధ్యాయం చివర వాడేవాణ్ణి.

"మాటలకు అందదని చివర్లో చెప్తాడు," అంది ఒకరోజు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి. "అందనప్పుడు ఇన్ని పేజీలు ఏమిటికి రాసినట్టు? అందేంత వరకు రాసి గమ్మునుంటే సరిపోయా."

ఇంకోసారి అంది: "మీ ఇద్దరికీ తొందర ఎక్కువ. మోక్షానికి పోయేవాడూ పరిగెత్తేదే, మంచానికి పోయేవాడూ పరిగెత్తేదే. మధ్యలో వాకిలి ఉంటాది, నట్టిల్లు ఉంటాది. అవి ఎవరూ రాయరు."

ఇవన్నీ నవ్వకుండా అనేది. నేను నవ్వితే ఎందుకు నవ్వుతున్నానా అన్నట్టు చూసేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మిషను ఆగింది. పనివాళ్ళు టీ తాగడానికి వెళ్ళారు. నేను తర్వాతి పుస్తకం ప్రూఫుల కోసం వచ్చి నిలబడి ఉన్నాను.

"ఈడ కూచో," అంది. "పెద్దసారు రాసింది విను."

చూసేవాడు వేరు, చూడబడేది వేరు. చూసేవాడే సత్యం, చూడబడేదంతా మిథ్య. కాబట్టి సాధకుడు చూడబడే దానిమీద మమకారం వదలాలి. ఆ వ్యాసం సారాంశం అదీ. ఆమె కామాలతో సహా చదివింది. తర్వాత నా కాగితం తీసింది.

"ఇప్పుడు నువ్వు రాసింది. వాడు వాకిట్లో నిలబడి చూస్తాండాడు. ఆమె తల ఆరబెట్టుకుంటాంది. అరపేజీ వాడు చూస్తానే ఉండాడు. ఆమె వీపు ఎట్లుండాది, మెడ ఎట్లుండాది, నీళ్ళు యాడ జారినాయి, అన్నీ రాసినావు. బాగానే రాసినావు. తల ఆరబెట్టుకునే ఆడమనిషికి వెనక ఎవరన్నా నిలబడితే తెలుస్తాదప్పా. ఆమెకు తెలిసిందా, లేదా?"

"తెలియలేదనే రాశాను కదండీ."

"ఏమిటికి తెలియల?"

"తెలిస్తే కథ మారిపోతుంది."

"మారనీ."

ఆమె రెండు కాగితాలనూ సమానంగా సర్దింది.

"ఆయనదీ నీదీ ఒకటే తప్పు. చూసేవాడొక్కడే ఉండాడంటాడు ఆయన. నువ్వూ అదే అంటాండావు. ఆయన కండ్లు మూసుకొని అంటాండాడు, నువ్వు తెరుచుకొని అంటాండావు."

"టీచరమ్మా, ఆయన రాసేది తత్వం. నేను రాసేది బూతు. రెండూ ఒకటెట్లా అవుతాయి?"

"నీది బూతని ఎవరు చెప్పినారు?"

"అందరూ చెబుతారు."

"అందరూ ప్రూఫులు చూడలేదు కదా."

కాసేపు కిటికీలోంచి సందులోకి చూసింది. నీళ్ళ ట్యాంకరు వెనక బిందెలు పట్టుకొని నిలబడ్డ జనం కనిపిస్తున్నారు. తర్వాత తన మాట ఒకటి చెప్పింది. ఆమె తన గురించి చెప్పగా విన్నది నేను ఆ ఒక్కసారే.

"నేను మూడేండ్లు కాపురం చేసినా. ఆయప్ప చెడ్డవాడేమీ కాదు. నన్ను చూడలేదని కూడా చెప్పలేను, బాగానే చూసినాడు. నేను కూడా ఆయప్పను చూస్తాండానని మాత్రం ఆయప్పకు ఎప్పుడూ తోచల. వచ్చేసినా."

కరెంటు వచ్చింది. మిషను తిరగడం మొదలైంది. ఆమె స్కేలు తీసుకుని వాక్యం కింద పెట్టుకుంది.

ఆ తర్వాత రాసిన పుస్తకంలో నేను కొత్త ప్రయత్నం ఒకటి చేశాను. కదిరిలో బట్టలు కుట్టే ఆమెను నాయికగా పెట్టి, అంతా ఆమె వైపు నుంచి రాయబోయాను. చాలా కష్టమైంది. ఆమెకు ఏం కావాలో నాకు తెలియదని మొదటి అధ్యాయంలోనే బయటపడింది. ఇంట్లో అమ్మనూ అక్కనూ అడగలేను. క్లాసులో పక్కన కూర్చున్న అమ్మాయిలతో ఐదేళ్ళలో నోట్సుల గురించి తప్ప మాట్లాడలేదు. తోచినట్టు రాశాను. ఆమె నవ్వుతుంది, వద్దంటుంది, మళ్ళీ రమ్మంటుంది, మధ్యలో పాలు పొంగిపోతే లేచిపోతుంది. నాయకుడు ఒంటరిగా కూర్చుని ఎదురుచూసేది రెండు పేజీలు.

టీచరమ్మ ఆ ప్రూఫుల్లో మార్జిన్ ప్రశ్నలు ఐదో ఆరో రాసింది. కాగితాలు ఇచ్చేటప్పుడు, "పాలు పొంగింది బాగుండాది," అంది. ఆమె నోట బాగుందన్న మాట నేను విన్నది తక్కువ. రెండు రోజులు అదే మాట లోపల తిప్పుకుంటూ తిరిగాను.

పుస్తకం అమ్ముడుపోలేదు. బస్టాండు అంగడాయన మూటకు మూట తిరిగి పంపించాడు. "మాటలు ఎక్కువున్నాయంట, మనిషి లేచి పాలు దించేదాకా యాడ కాచుకుంటారప్పా జనం," అన్నాడు ఓనరు, కోపం లేకుండానే. పాత పద్ధతిలోనే రాయమన్నాడు. కూర్చున్నాను. పాత పద్ధతి చేతికి రాలేదు. నాయికను వాకిట్లో నిలబెట్టగానే ఆమె తిరిగి నావైపు చూసేది. రెండు పుస్తకాలు సగంలో వదిలేసి, బి.ఇడి. ప్రవేశపరీక్షకు చదవడం మొదలుపెట్టాను.

పెద్దసారుతో తగాదా కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

ఆయన పాత శృంగార పదాల మీద వరుసగా వ్యాసాలు రాస్తున్నాడు. దేవుణ్ణే ప్రియుడిగా పెట్టుకొని ఆడమనిషి గొంతుతో పాడిన పదాలు. వాటిలో ఉన్నది శృంగారం కాదని, అదంతా జీవుడు దేవుడి కోసం పడే తపన అని ఆయన వాదం. ఆ నెల వ్యాసానికి ఎంచుకున్న పదంలో ప్రియుడు తెల్లారి ఇంటికి వస్తాడు. మెడ మీద గోటిగీత ఉంటుంది. ఆమె అది చూసి, ఎక్కడిదని అడిగి, తలుపు వేసుకుంటుంది. పెద్దసారు గోటిగీతకు ఒక అర్థం, తలుపుకు ఒక అర్థం చెప్పి, చివరికి జీవుడు దేవుడిలో లీనమైనట్టు ముగించాడు. టీచరమ్మ మార్జిన్లో రాసింది: "పదంలో ఆమెకు కోపం వచ్చింది. వ్యాఖ్యానంలో కోపం లేదు. విడిచిపోయిందా?"

ఆయన ప్రూఫు కాగితం చేత్తో పట్టుకుని ఎండలో నడిచి వచ్చాడు. ఖద్దరు చొక్కా వీపున తడిసిపోయి ఉంది. ఓనరు కుర్చీ వేయబోతే వద్దన్నాడు.

"ఏమ్మా, అక్షరదోషాలు దిద్దమని ఇస్తే భావదోషాలు దిద్దుతాండావే?"

"దోషమని రాయలేదు సార్. విడిచిపోయిందా అని అడిగినా. కంపోజింగులో ఒక్కోసారి పేరాలు పోతాంటాయి."

"ఏమీ పోలేదు. ఆమె మామూలు ఆడమనిషి కాదు తల్లీ. ఆమె జీవుడు. జీవుడికి దేవుడి మీద కోపమేంటిది?"

"సరే సార్, జీవుడే అనుకుందాం. జీవుడే తలుపు వేసుకున్యాడు కదా. మీ వ్యాసంలో తలుపు తెరుచుకొని ఉండాది. ఎవరు తీసినారు?"

పెద్దసారుకు జవాబు లేదని నేననుకోలేదు. శాస్త్రంలో వందరకాల జవాబులుంటాయి. ప్రెస్సులో, పనివాళ్ళ ముందు, ఒక ప్రూఫులు దిద్దే మనిషి అడిగినందుకు చెప్పాలా అని ఆగాడు. ఆయన చూపు బల్ల మీద కుడి పక్కనున్న కట్ట మీద పడింది. పైపేజీలో ఉన్నది నా వాక్యాలే.

"ఇవా నువ్వు చదివేది?" అన్నాడు మెల్లగా. "ఇవి పట్టుకున్న చేత్తోనే మా పత్రికను పట్టుకుంటాండావా?"

"అవును సార్. అవి చదివినా కాబట్టే అడుగుతాండా. వాటిల్లో కూడా ఇంతే, ఆమె వేసుకున్న తలుపు ఆమెను అడక్కుండానే తీసేస్తారు."

పెద్దసారు ఓనరు వైపు తిరిగి, వచ్చే నెల నుంచి పత్రిక ప్రూఫులు ఇంకెవరితోనైనా దిద్దించమని, లేకపోతే పత్రికను వేరే ప్రెస్సుకు మార్చుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు. ఓనరుకు ఇద్దరి మీదా గౌరవమే. పత్రిక పోగొట్టుకోవడం ఇష్టం లేదు. సాయంత్రం దాకా తటపటాయించి, చివరికి ఎడమ పక్కనున్న కట్టను తీసుకెళ్ళి కంప్యూటరు దగ్గర కూర్చునే కుర్రవాడి బల్ల మీద పెట్టాడు. టీచరమ్మ అడ్డు చెప్పలేదు. అంతవరకు దిద్దిన పేజీలు ఏవో, దిద్దనివి ఏవో చీటీ రాసి ఇచ్చింది.

రెండో నెల పత్రికలో ఒక పేజీ పొడుగునా "బ్రహ్మము" అన్న చోటల్లా "భ్రమము" అని అచ్చయింది. ఆ సంచిక నేనే తీసుకెళ్ళి ఆమెకు చూపించాను, నవ్వుతుందేమోనని. ఆమె పెన్ను తీసి, ఎవరూ అడగకపోయినా, ఆ పేజీలో అన్నింటినీ వరుసగా దిద్ది నాకు తిరిగి ఇచ్చింది.

నేను బి.ఇడి. చేశాను. కొన్నేళ్ళకు కళ్యాణదుర్గంలో ఉద్యోగం వచ్చింది. ప్రెస్సు వైపు వెళ్ళడం తగ్గిపోయింది. నా ఆడపేరు ఎవరికీ తెలియదన్న ధైర్యం ఉన్నా, ఆ సందు మొగ దాకా వచ్చినా పక్క వీధిలోంచి తిరిగి పోయేవాణ్ణి. పెళ్ళి కుదిరాక మాత్రం కార్డులు అక్కడే కొట్టించాలనిపించింది. ఎందుకో ఇప్పటికీ సరిగా చెప్పలేను. తప్పులుండవన్న నమ్మకం ఒక కారణం.

నేను వెళ్ళేసరికి టీచరమ్మ అదే బల్ల దగ్గర ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. బస్టాండు పుస్తకాలు ఆగిపోయాయని, ఇప్పుడు కార్డులూ కరపత్రాలే చూస్తున్నానని చెప్పింది. నా కార్డు ప్రూఫు తీసుకుని వెనక నుంచి మొదలుపెట్టింది. ఆమె సగం చదివేదాకా ఆగి, అడగాలనుకున్నది అడిగాను.

"టీచరమ్మా, ఆ పుస్తకాల సంగతి ఆ అమ్మాయికి చెప్పాలంటారా?"

"ఆ అమ్మి చదువుకుందా?"

"డిగ్రీ చదివింది."

"అయితే చెప్పి, చదవనీకి ఒకటి ఇయ్యి. పాలు పొంగేది ఇయ్యి. మిగతావి నెమ్మదిగా."

ఆ మాట మీద ఉండగానే మెట్ల దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. పెద్దసారు. ఆయన్ను చూసి ఐదారేళ్ళయింది. మనిషి సగమయ్యాడు. పత్రిక ఆగిపోయి చాలాకాలమైందని, ఆ ఎండాకాలంలోనే ఆయన భార్య చనిపోయిందని ఓనరు అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఈసారి ఓనరు వేసిన కుర్చీలో ఆయన కూర్చున్నాడు. సంచిలోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. చేతిరాత.

"ఇది అచ్చుకు కాదమ్మా," అన్నాడు టీచరమ్మతో. "ఊరికే చూసిపెట్టు."

నేను లేచి వెళ్ళబోయాను. ఆయన ఉండమన్నట్టు చెయ్యి ఊపాడో, నన్ను గమనించకుండానే ఊపాడో తెలియలేదు. ఆమె ఎనిమిది పేజీలూ చదివింది. ఎర్ర పెన్ను రెండుసార్లు కదిలింది. చదువుతున్నంతసేపూ పెద్దసారు నేల చూస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఎండాకాలం వస్తే ఆమెకు వీపంతా చెమటకాయలు వచ్చేవి. గంధం అరగదీసి పూసేవాణ్ణి. పెండ్లయిన కొత్తలో మొదలైంది, పోయిన ఏడాది దాకా పూసినా. అదొక్కటే రాద్దామని కూచున్నా. రాస్తా ఉంటే ఆమె వీపు మీద మచ్చలు యాడ యాడ ఉండేవో అన్నీ గుర్తొచ్చినాయి. ఇన్ని పేజీలయినాయి. ఇంట్లో పెట్టుకుంటే కోడలు చూస్తాదేమోనని భయంగా ఉండాది." ఒళ్ళోని సంచిని మడిచాడు. "నేను ఇన్నేండ్లు రాసిందేమి, ఇదేమి. ఇది బూతు అవుతాదామ్మా?"

టీచరమ్మ కాగితాలు వరసగా సర్దింది.

"ఒత్తులు రెండుచోట్ల తప్పు పడినాయి సార్. దిద్దినా."

"నేను అడిగింది అది కాదమ్మా."

"తెలుసు సార్."

ఆమె ఇంకా కాగితాల వైపే చూస్తోంది. ఆమె ఏం అంటుందో నాకు కొంతవరకు తెలుసు. అనకుండా ఉంటే బాగుండునని అనుకున్నాను. ముసలాయన అప్పటికే చాలా దూరం వచ్చాడు.

"గంధం పూసేటప్పుడు ఆమెకు ఎట్లుండేదో ఇందులో యాడా లేదు సార్," అంది.

పెద్దసారు వెంటనే తల ఎత్తాడు. నాకు పాత తగాదా గుర్తొచ్చింది. ఆయన మొహంలో కోపం మాత్రం లేదు.

"ఆమె ఏమీ అనేది కాదు. కండ్లు మూసుకొని కూచునేది."

"మీరు ఎప్పుడన్నా అడిగినారా?"

మిషను గదిలో ఎవరో కాగితం కట్టలు దించుతున్న చప్పుడు. పెద్దసారు చేతులు ఒళ్ళో పెట్టుకొని ఉన్నాడు.

"లేదమ్మా. అడగల్లని తెలియల."

"అయితే అదే రాయండి సార్. అడగలేదని."

ఆమె బల్ల మీద కొంచెం చోటు చేసింది. ఎర్రది పక్కనపెట్టి, డ్రాయరులోంచి నీలం పెన్ను తీసి ఇచ్చింది. పెద్దసారు కుర్చీ దగ్గరకు జరుపుకొని, చివరి పేజీ అడుగున మిగిలిన జాగాలో రాయడం మొదలుపెట్టాడు. జీవితమంతా రాసిన మనిషికి ఆ ఒక్క వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకసారి ఆగి కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని రాశాడు.

ఆ వాక్యం ఏమిటో నేను చూడలేదు. ఆమె చదివింది. కాగితాలు మడిచి, రెండు చేతులతో ఆయనకు ఇచ్చింది.

"ఇంక ఇందులో నేను దిద్దేది ఏమీ లేదు సార్," అంది.